పాత బ్రౌజర్‌పై 6.8 శాతం: కోగన్ వేసిన పన్ను, మేము వేయని పన్ను

2012 జూన్‌లో ఒక ఉదయం మా యజమాని ఒక వార్త ప్రింటు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. అప్పట్లో నేను హైదరాబాదులో చేనేత చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణంలో వెబ్ డెవలపర్‌ని. ఆస్ట్రేలియాలోని కోగన్ అనే ఆన్‌లైన్ దుకాణం, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 (ఐఈ 7) అనే మైక్రోసాఫ్ట్ పాత బ్రౌజర్ నుంచి కొనేవారి బిల్లుకు 6.8 శాతం అదనంగా కలుపుతామని ప్రకటించింది. ఆ అదనానికి వాళ్లు పన్ను అని పేరు పెట్టారు. "మీరు వారంలో రెండు రోజులు ఈ బ్రౌజర్‌తోనే అవస్థ పడుతున్నారు కదా, మనమూ వేద్దామా?" అని యజమాని అడిగారు. వేద్దామన్నాను. సంతోషంగానే అన్నాను.

మూడు వారాల తర్వాత వద్దని చెప్పింది కూడా నేనే. ఆ మూడు వారాల్లో ఏమి చూశానో, ఆ తర్వాత ఏమి చేశామో ఇక్కడ రాస్తున్నాను. బ్రౌజర్ పేరు మారింది గాని, పాత పరికరం ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఈ పనిలో ఉన్నవారిని ఇంకా వదల్లేదు.

కోగన్ లెక్క

రుస్లాన్ కోగన్ 2006లో మెల్‌బోర్న్‌లో తల్లిదండ్రుల గ్యారేజీ నుంచి టీవీలు అమ్మడం మొదలుపెట్టి ఎదిగిన వ్యాపారి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 కూడా అదే సంవత్సరం అక్టోబరులో విడుదలైంది. అప్పటి నుంచి 2012 జూన్‌కు 68 నెలలు. నెలకు 0.1 శాతం చొప్పున 6.8 శాతం. కొనుగోలుదారు కార్ట్ తెరిస్తే వస్తువుల కింద ఈ పన్ను వేరే పంక్తిగా కనిపించేది. దానితో పాటు ఒక హెచ్చరిక, కొత్త బ్రౌజర్లు దించుకునేందుకు లింకులు ఉండేవి. ఏ ఒక్కటి ఎక్కించుకున్నా పన్ను పోతుంది.

కోగన్ చెప్పిన కారణాన్ని నేను పూర్తిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. క్రోమ్, సఫారి, ఫైర్‌ఫాక్స్ మూడింటికీ కలిపి పట్టే శ్రమ ఆ ఒక్క బ్రౌజర్‌కే పడుతోందని, దాన్ని వాడుతున్నవారు తన వినియోగదారుల్లో 3 శాతం మాత్రమేనని ఆయన అన్నారు. ఈ పన్ను ఎవరూ కట్టరనే తాను అనుకుంటున్నానని కూడా చెప్పారు. డబ్బు రాబట్టడం ఆయన ఉద్దేశం కాదు.

కాగితం మీద లెక్క వేస్తే అదీ తెలుస్తుంది. లక్ష రూపాయల అమ్మకంలో ఆ 3 శాతం మంది వాటా మూడు వేలు అనుకుందాం. అందరూ మారు మాట్లాడకుండా కట్టినా వచ్చేది 204 రూపాయలు. డెవలపర్ ఒక పూట జీతానికి కూడా చాలదు. పైగా లెక్క కట్టిన పద్ధతి కూడా ఖర్చుకు సరిపోలదు. పేజీని ఐఈ 7లో సరిగ్గా నిలబెట్టే శ్రమ, ఆ పేజీలో ఉన్నది 40,000 రూపాయల టీవీ అయినా 200 రూపాయల కేబుల్ అయినా ఒక్కటే. శాతం లెక్కన మొదటి కొనుగోలుదారు 2,720 రూపాయలు, రెండో ఆయన 13 రూపాయల 60 పైసలు కట్టాలి. కాబట్టి దీన్ని ఖర్చు పంపకంగా చూడకూడదు. ఇది వినియోగదారును ఉలిక్కిపడేలా చేసి కదిలించే ప్రయత్నం. ఆ పనిలో అది గెలిచింది కూడా. ప్రపంచమంతా ఆ వార్త రాసింది, వెబ్ డెవలపర్లు చప్పట్లు కొట్టారు. హైదరాబాదులో కూర్చుని నేనూ కొట్టాను.

మా బాధ ఏమిటంటే

చప్పట్లు ఎందుకు కొట్టానో చెప్పకపోతే ఆ రోజుల మీద అన్యాయం చేసినట్లే. చీరలను వరుసకు నాలుగు చొప్పున పేర్చిన పేజీ ఐఈ 7లో ఒకదాని కింద ఒకటిగా జారిపోయేది. ఆ బ్రౌజర్ చదివి మిగతావి వదిలేసేలా, ముందు నక్షత్రం గుర్తు పెట్టి ప్రత్యేకంగా రెండు పంక్తుల సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడు) రాస్తే తప్ప వరుస నిలిచేది కాదు. మీద తెరుచుకోవాల్సిన మెనూ ఫొటోల వెనక్కి పోయేది. మిగతా బ్రౌజర్లలో ఏది పైన, ఏది కింద అనే నియమం ఒకలా ఉంటే, ఐఈ 7 తనకు తోచిన దొంతర కట్టేది. తప్పు ఎక్కడుందో చూపించే డెవలపర్ సాధనం అందులో లేనే లేదు. అది ఐఈ 8తో వచ్చింది. ఒకే కంప్యూటర్‌లో రెండు ఐఈలు పక్కపక్కన నిలవవు కాబట్టి, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి దించుకుని, అది తెరుచుకునే దాకా టీ తాగి వచ్చేవాళ్లం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కుదిపింది ఒక కామా. పేజీలోని బటన్ల వంటివాటిని నడిపే భాష జావాస్క్రిప్ట్‌లో, పేరు-విలువ జతలు రాసే ఒక ఆబ్జెక్ట్ చివర, మూసే కుండలీకరణానికి ముందు, పొరపాటున కామా మిగిలిపోయింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, చివరికి ఐఈ 8 కూడా దాన్ని పట్టించుకోలేదు. ఐఈ 7 మాత్రం అక్కడ ఆగిపోయి ఆ ఫైలు మొత్తాన్ని చదవడం మానేసింది. ఆ ఫైలులోనే 'కొనండి' బటన్‌ను నడిపే కోడు ఉంది. పేజీ చక్కగా కనిపిస్తుంది, చీర కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, బటన్ నొక్కితే ఏమీ జరగదు. అడుగున మూలలో చిన్న పసుపు త్రిభుజం ఒక్కటి వస్తుంది. దాన్ని ఎవరు చూస్తారు? రెండు రోజుల పాటు ఆ బ్రౌజర్ నుంచి ఒక్క ఆర్డరు రాలేదు. మాకు తెలియలేదు కూడా, ఒక ఆవిడ ఫోన్ చేసేదాకా.

తప్పు నాది. ఆ కామా పెట్టింది నేను, ఐఈ 7లో పరీక్షించకుండా పైకి ఎక్కించింది నేను. కాని ఆ రోజు కోపమంతా బ్రౌజర్ మీదికే పోయింది. కోగన్ వార్త మా బల్ల మీదికి వచ్చింది సరిగ్గా ఆ కోపం చల్లారని రోజుల్లో.

లాగ్ చదివితే

పన్ను వేయాలంటే ముందు ఎవరి మీద వేయాలో తేలాలి. ప్రతి బ్రౌజర్ సర్వర్‌కు తన పేరు చెప్పుకుంటూ ఒక వాక్యం పంపుతుంది, దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. అందులో 'ఎంఎస్ఐఈ 7.0' అని ఉంటే పన్ను, లేకపోతే లేదు. సాయంత్రానికల్లా రాసేయగలిగిన కోడు అది. రాసే ముందు గత నెల లాగ్ మీద, అంటే సైటుకు ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకున్న చిట్టా మీద, దాన్ని నడిపి చూశాను. అక్కడే నా మొదటి నమ్మకం చెదిరింది.

'ఎంఎస్ఐఈ 7.0' అని చెప్పుకున్న సందర్శనల్లో చాలావాటికి చివర 'ట్రైడెంట్' అనే మాట, దాని పక్కన 4.0 లేదా 5.0 అనే అంకె ఉన్నాయి. అసలైన ఐఈ 7కు ఆ మాట ఉండదు. అది ఐఈ 8, ఐఈ 9ల గుర్తు. పాత సైట్లు చెడిపోకుండా ఉండేందుకు ఆ బ్రౌజర్లలో కంపాటిబిలిటీ వ్యూ అనే అమరిక ఉంది. అది ఆన్ అయి ఉంటే అవి తమను తాము ఐఈ 7గా పరిచయం చేసుకుంటాయి. ఆఫీసుల్లో సిస్టం అడ్మినిస్ట్రేటరు అన్ని సైట్లకూ ఆ అమరికను ఒకేసారి బిగించగలడు. అంటే ఆ రెండు పంక్తుల కోడు పైకి ఎక్కించి ఉంటే, అప్పటికి ఏడాది కిందట వచ్చిన ఐఈ 9 వాడుతున్నవారి దగ్గర కూడా పాత బ్రౌజర్ పన్ను వసూలు చేసేవాళ్లం. వాళ్లు ఎంత అప్‌డేట్ చేసుకున్నా అది పోయేది కాదు.

ఆ గుర్తు ఉన్నవాటిని తీసేసి మిగిలిన నిజమైన ఐఈ 7 సందర్శనలను గంటల వారీగా పేర్చాను. పదకొండు గంటల ప్రాంతంలో ఒక పెరుగుదల, మధ్యాహ్నం భోజన విరామంలో మరొకటి. ఆరు దాటితే దాదాపు శూన్యం. ఆదివారం శూన్యం. మళ్లీ రాత్రి పదిన్నర తర్వాత అమెరికా నుంచి ఒక చిన్న అల. అక్కడి తూర్పు తీరంలో అది భోజన వేళ. ఇళ్లలోని కంప్యూటర్లు ఇలా ప్రవర్తించవు. ఇవి ఆఫీసు కంప్యూటర్లు.

బటన్ పనిచేయడం లేదని ఫోన్ చేసిన ఆవిడ ఒక జిల్లా కేంద్రంలో ఉద్యోగి. కామా సరిచేశాక ఆమెకు నేనే తిరిగి ఫోన్ చేశాను. మాటల్లో, కొత్త బ్రౌజర్ ఎక్కించుకుంటే ఇంకా బాగుంటుందమ్మా అన్నాను. "బాబూ, ఈ కంప్యూటర్ నాది కాదు, ఆఫీసుది. ఏదైనా ఎక్కించబోతే పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో మా సూపరింటెండెంటు గారికే తెలియదు" అన్నారు. లాగ్ చదివిన రోజు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. పన్ను వేస్తే ఆమె మీద పడుతుంది. మార్చగలిగినవాడు మరెక్కడో ఉన్నాడు.

ఆమె ఆఫీసుకు ఆ బ్రౌజరే ఎందుకు అంటుకుపోయిందో కూడా ఆలోచించాలి. అప్పట్లో మన టెండర్ల సైట్లలో కొన్నిట డిజిటల్ సంతకం చేయాలంటే యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ అదనపు సాధనం కావాలి, అది ఐఈలోనే నడుస్తుంది. ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపిస్తుందని అడుగున రాసుకున్న బ్యాంకు పేజీలు ఎన్నో. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో పాస్‌వర్డు తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి అమలు చేసింది కాబట్టి, మా చీర కొనే ప్రతి కార్డుదారూ మధ్యలో ఆ బ్యాంకు పేజీ దాటే రావాలి. ఒకరు ఐఈ వాడమంటారు, వాడినందుకు ఇంకొకరు పన్ను వేస్తారు. మధ్యలో నలిగేది కొనుగోలుదారు.

ఈ వెలుగులో కోగన్ వార్తను మళ్లీ చదివాను. ఆ ఏడాది జనవరి నుంచి మైక్రోసాఫ్ట్ ఐఈని దానంతటదే కొత్త రూపానికి మార్చడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న దేశాలు రెండే, ఆస్ట్రేలియా, బ్రెజిల్. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేసి ఉన్న ఇళ్లలోని కంప్యూటర్లు విండోస్ ఎక్స్‌పీ అయితే ఐఈ 8కి, విస్టా లేదా విండోస్ 7 అయితే ఐఈ 9కి జరుగుతాయి. మార్పు వద్దనుకునే సంస్థలకు దాన్ని ఆపే సాధనం కూడా ఇచ్చారు. అలాంటప్పుడు జూన్ నాటికి ఆస్ట్రేలియాలో ఐఈ 7 మీద ఎవరు మిగులుతారు? నా అంచనాలో ఎక్కువ మంది మా జిల్లా ఉద్యోగి లాంటివారే. కోగన్ హెచ్చరికలో మీరో, మీ సిస్టం అడ్మినిస్ట్రేటరో ఐదేళ్లుగా కోమాలో ఉన్నట్లున్నారనే అర్థం వచ్చే మాట ఉంది. అడ్మినిస్ట్రేటరు పాత్ర వాళ్లకూ తెలుసన్నమాట. తెలిసి కూడా ఉద్యోగి కార్ట్‌లో పంక్తి కలిపారు. ఆ మాట నాకు మొదటిసారి చదివినప్పుడు నవ్వు తెప్పించింది. రెండోసారి బాధ కలిగించింది.

ఇంకొకటి. ఆమె అప్పటికే మూల్యం చెల్లిస్తోంది. ఐఈ 7 ఒక సర్వర్ నుంచి ఒకేసారి రెండు ఫైళ్లే దించుకుంటుంది, కొత్త బ్రౌజర్లు ఆరు. నలభై చీరల ఫొటోలున్న పేజీ ఆమె ముందు రెండేసి చొప్పున తెరుచుకుంటుంది. భోజన విరామమంతా అందులోనే గడిచిపోతుంది.

ఆడిటరు అడిగిన ప్రశ్న

మా యజమాని ఈ లోపు ఆడిటరును కూడా అడిగారు. ఆయన తేల్చడానికి రెండు నిమిషాలు పట్టలేదు. చట్టం అధికారం ఇస్తే తప్ప ఎవరూ పన్ను విధించకూడదని, వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. బిల్లు మీద వ్యాట్ పక్కన ఒక ప్రైవేటు దుకాణం 'పన్ను' అని ఇంకో పంక్తి రాస్తే వాణిజ్య పన్నుల అధికారికి ఏమని జవాబు చెబుతారు అన్నారు. పేరు మార్చి రుసుము అనుకున్నా, ప్యాకెట్ మీద అచ్చు వేసిన గరిష్ఠ చిల్లర ధరను దాటి వసూలు చేయకూడదన్న నిబంధన అడ్డం వస్తుంది.

పన్ను బదులు ఏమి చేశాం

ముందుగా ఐఈ 7లో కూడా పేజీ అచ్చం అలాగే కనిపించాలన్న పట్టు వదిలేశాం. ఈ ఆలోచన మాది కాదు. యాహూ 2006 నాటికే బ్రౌజర్లను తరగతులుగా విడదీసి, పాతవాటికి అలంకారం లేని పేజీ చాలని చెప్పింది. 2012 మార్చిలో బీబీసీ వార్తల సైటు బృందం, బ్రౌజర్ పేరు అడగకుండా దానికి ఏమి వచ్చో అడిగే చిన్న పరీక్షను వివరించింది. క్వెరీసెలెక్టర్, లోకల్‌స్టోరేజ్, యాడ్‌ఈవెంట్‌లిజనర్ అనే మూడు కొత్త సదుపాయాలూ ఉంటే పూర్తి పేజీ, ఏ ఒక్కటి లేకపోయినా మామూలు పేజీ. నేను ఆ పద్ధతినే తీసుకున్నాను. యూజర్ ఏజెంట్ అబద్ధం చెప్పినా ఈ పరీక్ష దగ్గర చెల్లదు. ఐఈ 8 కూడా ఇందులో మామూలు పేజీ వైపే వెళ్తుంది. దానికి మేము సిద్ధపడ్డాం.

మామూలు పేజీ అంటే చీర ఫొటో, పేరు, ధర, నేత వివరం, బటన్. గుండ్రని మూలలు లేవు, జారే బొమ్మలు లేవు. ముఖ్యంగా ఆ బటన్ జావాస్క్రిప్ట్ మీద ఆధారపడకూడదు. సాదా ఫారం, నొక్కితే సర్వర్‌కు వెళ్తుంది. స్క్రిప్టు పనిచేస్తే అదే బటన్ పేజీ మారకుండా కార్ట్‌లో వేస్తుంది, పనిచేయకపోతే పేజీ మారి వేస్తుంది. ఈ ఒక్క మార్పుతో నా కామా లాంటి తప్పు ఇంకోసారి జరిగినా ఆర్డరు ఆగదు. దీనికి పది రోజులు పట్టింది. వారానికి రెండు రోజుల అవస్థ ఆ తర్వాత నెలకు ఒక పూటకు వచ్చింది. ఆ పది రోజులూ రెండేళ్ల ముందే ఎందుకు పెట్టలేదన్నది నా మీద నాకున్న ఫిర్యాదు.

పైన పెట్టాల్సిన గమనిక దగ్గర ఎక్కువ సేపు ఆగాం. నేను మొదట రాసినది కోగన్ ధోరణిలోనే ఉంది, మీ బ్రౌజర్ కాలం చెల్లింది అంటూ. దాన్ని కొట్టేశాం. చివరికి నిలిచినది ఇది: "మీ బ్రౌజర్ పాతది కావడంతో సాదా పేజీ చూపిస్తున్నాం. కొనుగోలుకు ఇబ్బంది లేదు. మార్చే వీలుంటే కొత్త బ్రౌజర్లు ఇక్కడ ఉన్నాయి. ఇబ్బంది వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఫోన్లు వచ్చాయి. కొన్ని ఆర్డర్లు ఫోన్ మీదే రాసుకున్నాం.

దాని ముగింపు

ఆ బ్రౌజర్‌ను చివరికి మా సైటు నుంచి తప్పించింది భద్రతా నియమం. బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య సమాచారాన్ని రహస్యంగా చేరవేసే పద్ధతి పేరు టీఎల్ఎస్. కార్డు చెల్లింపులు తీసుకునే సైట్లు దాని పాత రూపమైన టీఎల్ఎస్ 1.0ను 2018 జూన్ 30 లోగా వదిలేయాలని, కార్డు చెల్లింపుల భద్రతకు పెట్టిన పీసీఐ ప్రమాణం గడువు పెట్టింది. ఐఈ 7కు అంతకన్నా పైది రాదు. ఇక్కడ ఈ పనిలో ఉన్నవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. టీఎల్ఎస్ కుదరకపోతే పేజీయే తెరుచుకోదు. పేజీ తెరుచుకోకపోతే గమనిక చూపించే అవకాశమే ఉండదు. అందుకే గడువుకు నాలుగు నెలల ముందే, ఫలానా తేదీ తర్వాత ఈ కంప్యూటర్‌లో మా సైటు తెరుచుకోదు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి అని గమనిక మార్చాం.

పరికరాన్ని బట్టి మనిషిని చూసే అలవాటు మాత్రం పోలేదు. కోగన్ ప్రకటన వచ్చిన అదే 2012 జూన్‌లో, ఆర్బిట్జ్ అనే అమెరికా ప్రయాణాల సైటు మ్యాక్ వాడేవారికి ఖరీదైన హోటళ్లను ముందుగా చూపిస్తోందని వార్త వచ్చింది. ఒకే గదికి ఇద్దరికి రెండు ధరలు కాదు, వరుస మాత్రమే వేరు. రెండిటినీ పక్కపక్కన పెడితే కోగన్‌లో ఒక మంచి గుణం కనిపిస్తుంది. చేసినదేదో అందరికీ కనపడేలా బిల్లు మీద రాసి చేసింది. చాటుగా వరుస మార్చడాన్ని కనిపెట్టడం చాలా కష్టం. 2025 జనవరిలో మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఐఫోనుకు ఒక ధర, ఆండ్రాయిడ్‌కు ఒక ధర చూపిస్తున్నారన్న ఆరోపణల మీద ఓలా, ఉబర్‌లకు నోటీసులిచ్చింది. ఫోను చూసి ధర వేయడం లేదని రెండు సంస్థలూ చెప్పాయి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదంటున్నాయి. 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు, ధరను చివర్లో పెంచి చూపడాన్ని, సిగ్గుపడేలా చేసి ఒప్పించడాన్ని నిషేధిత పద్ధతుల్లో చేర్చాయి. ఈ రోజు ఎవరైనా కోగన్ పంక్తిని, ఆ కోమా మాటను తెలుగులో పెట్టాలనుకుంటే ముందు వాటిని చదవడం మంచిది.

ఇప్పుడు నేను ఆ దుకాణంలో ఉద్యోగిని కాను గాని, వాళ్ల సైటు పని చూస్తూనే ఉన్నాను. 2024 చివర్లో మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. సైటు తెరిస్తే సురక్షితం కాదని ఎర్రటి హెచ్చరిక వస్తోందని. ఫోన్ చేసినవారందరివీ పాత ఆండ్రాయిడ్ ఫోన్లే. సైటు నిజమైనదేనని బ్రౌజర్‌కు హామీ ఇచ్చేది సర్టిఫికెట్. మేము వాడుతున్న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్‌కు పాత ఫోన్లలో ఆధారంగా ఉన్న ఏర్పాటు ఆ సెప్టెంబరు 30తో ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాతవాటికి ఆ సర్టిఫికెట్ మీద ఇక నమ్మకం లేదు. ఫోన్ మార్చుకోమని చెప్పవచ్చు. అప్పట్లో ఫైర్‌ఫాక్స్ ఎక్కించుకుంటే సైటు తెరుచుకునేది, కొందరికి అదే చెప్పాం. మిగిలినవారి కోసం, పాత ఫోన్లు కూడా గుర్తించే మరో సంస్థ సర్టిఫికెట్‌ను డబ్బు పెట్టి కొన్నాం. ఏడాదికోసారి కట్టాలి. ఆ బిల్లు ఎవరి మీద వేద్దామని ఈసారి యజమాని అడగలేదు. దుకాణం ఖర్చుల పుస్తకంలో, కరెంటు బిల్లు కింది పంక్తిలో రాసుకున్నారు.